లారీకి హైడ్రాలిక్ వించ్ పెట్టిస్తున్నారా?

గాజువాక ఆటోనగర్‌లో లారీకి వించ్ (రోప్ చుట్టి బరువులు లాగే యంత్రం) బిగించుకునేవాళ్లు ముందు దానికి ఆయిల్ తోసే పంపు సంగతి తేల్చుకోండి. పవర్ స్టీరింగ్ పంపు నుంచే లైన్ లాగితే వించ్ తిరుగుతుంది గానీ మరీ నెమ్మది, పైగా ఆ సమయంలో స్టీరింగ్ బరువెక్కొచ్చు. గేర్‌బాక్స్ పీటీఓకి (ఇంజిన్ శక్తిని బయటి యంత్రాలకి అందించే భాగం) విడిగా పంపు పెట్టించడమే మేలు. లాగే బలం ఆయిల్ ప్రెషర్‌ది, వేగం నిమిషానికి వచ్చే ఆయిల్ లీటర్లది. వించ్ మోటారుకి ఈ రెండూ ఎంత కావాలో చూశాకే పంపు కొనండి. ఆయిల్‌ని ఎటు కావాలంటే అటు మళ్లించే కంట్రోల్ వాల్వ్ పెడితే అదే పంపుతో చిన్న క్రేన్ కూడా నడపొచ్చు. ప్రెషర్ మితిమీరకుండా కాపాడే రిలీఫ్ వాల్వ్ మాత్రం తప్పనిసరి, ఖర్చని వదిలేయకండి.

ఇక మన వైజాగ్ ఉప్పుగాలి! హోస్ ఫిట్టింగులు తుప్పు పడుతున్నాయేమో తరచూ చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, ఎక్కడి నుంచో కనిపెట్టి ఆయిల్ మార్చేయండి. వించ్ లాగుతున్నప్పుడు రోప్ దగ్గర ఎవరినీ నిలబడనివ్వకండి.