అంతరిక్ష కేంద్రాన్ని డాబా మీంచి చూడాలంటే

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని చూడ్డానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఏ నిమిషంలో, ఏ దిక్కున చూడాలో తెలిస్తే చాలు. దాదాపు 420 కిలోమీటర్ల ఎత్తున సుమారు 93 నిమిషాలకోసారి అది భూమిని చుట్టేస్తుంది. అయితే మన దగ్గర చీకటిపడి, దాని మీద ఇంకా ఎండ పడుతున్నప్పుడే కనబడుతుంది. సూర్యుడు దిగంతానికి 20 డిగ్రీలు కిందికి పోయాడంటే కేంద్రం నడినెత్తిన ఉన్నా భూమి నీడలో పడిపోతుంది. తెలుగు ప్రాంతాల్లో అందుకు పొద్దుగుంకాక గంటన్నర పడుతుంది. కాబట్టి సాయంత్రం ఆ గంటన్నర, తెల్లారేముందు ఇంకో గంటన్నర చూసుకోండి. అర్ధరాత్రి ఎదురుచూడటం దండగ.

కేంద్రం ఎప్పుడు, ఎటు కనబడుతుందో పట్టికగా ఇచ్చే హెవెన్స్ అబవ్ సైటులో ముందు మీ ఊరు పెట్టండి. హైదరాబాదైతే 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. విశాఖలో ఉండి హైదరాబాద్ పట్టిక పట్టుకుంటే కుదరదు. హైదరాబాదులో నెత్తిమీదుగా పోయేది విశాఖలో సగం ఆకాశం కూడా ఎక్కకపోవచ్చు. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే ఐదున్నర గంటలు కలపండి. తెల్లవారుజాము పాసులకు (పాసంటే కేంద్రం ఆకాశంలో ఒకసారి దాటిపోవడం) అలా కలిపితే తేదీ కూడా మారొచ్చు, చాలామంది పొరబడేది అక్కడే.

పట్టికలో గరిష్ఠ ఎత్తు (దిగంతం నుంచి) 40 డిగ్రీలు దాటినవి ఎంచుకోండి. 20 లోపువి ఇళ్ల వెనక, దుమ్ములో పోతాయి. ప్రకాశం అంకె ఎంత తగ్గితే అంత వెలుగు: మైనస్ 3 ఉంటే ఊరి దీపాల మధ్యా కనబడుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఫోన్ దిక్సూచి ఇనుప రెయిలింగ్ పక్కన తప్పు చూపిస్తుంది, దూరంగా జరిగి చూడండి.

పాసు ముగిసే ఎత్తు 10 కాకుండా 45 అని ఉంటే కంగారు పడకండి. అక్కడ నీడలోకి వెళ్తుంది. కొన్ని క్షణాలు ఎర్రబారి నడి ఆకాశంలోనే ఆరిపోతుంది. తెల్లవారుజామున ఇదే తలకిందులు: ఉన్నట్టుండి ఆకాశం మధ్యలో వెలుగుతుంది.

వారం కిందటి అంచనాను నమ్మొద్దు. పలచటి గాలి ఒరిపిడికి కక్ష్య కొద్దికొద్దిగా దిగుతుంది, ఇంజన్లు మండించి మళ్లీ పైకెత్తుతారు. దాంతో సమయాలు జరుగుతాయి. చూడబోయే రోజే పట్టిక మళ్లీ తెరవండి, చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందే డాబా ఎక్కండి.

మినుకు లేకుండా, చప్పుడు లేకుండా నిలకడగా సాగేది అదే. ఎర్ర, పచ్చ దీపాలు మెరిస్తే విమానం.

ఫొటోకి ట్రైపాడ్, వైడ్ లెన్స్, ఐఎస్‌ఓ 400, పది సెకన్ల ఎక్స్‌పోజర్లు వరుసగా. నగరంలో ఒకే పొడవాటి ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశమంతా తెల్లబారి ఫొటోలో కేంద్రం గీసే గీత మాయమవుతుంది. ఫోకస్ ముందే ఏదైనా చుక్క మీద చేత్తో సరిచేసుకోండి.