టెస్ట్ డ్రైవ్‌లో బండి ‘గుంజుతలేదా’? ఆటోక్రాస్‌కు పనికిరాదని తేల్చే ముందు ఇవి చూడండి

ఆటోక్రాస్ అంటే మలుపుల ట్రాక్ మీద ఒక్కో కారు టైమ్‌తో పోటీపడే ఆట. ఆ మోజుతో స్పోర్టీ కారు వెతుక్కునే కుర్రాళ్లు హన్మకొండ నుంచి, కరీంనగర్ నుంచి, రామగుండం నుంచి నాకు ఫోన్ చేస్తుంటారు. టెస్ట్ డ్రైవ్ నుంచి అప్పుడే దిగి ఉంటారు, తీర్పు కూడా అప్పటికే అయిపోయి ఉంటుంది. "బండిల దమ్ములేదన్నా." "మలుపుల నిలబడతలేదన్నా." నేను అడిగేది ఎప్పుడూ ఒకటే: "టైర్లల గాలి ఎంతుండె?" అటు నుంచి జవాబు ఉండదు. పదిహేను లక్షల బండిని పక్కన పెట్టేస్తారు కానీ, వాల్వ్ మూత తీసి గాలి చూడరు.

స్టీరింగ్ పట్టుకోవడం, మలుపుకు ముందే బ్రేక్ కొట్టడం, రెండో గేర్‌లో నడపడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో కనిపించే లోపం బండిదా, ఆ రోజుదా అన్నది తేల్చుకోవడమే ఇక్కడి పని.

‘కూపే’ గురించి ఒక మాట. కొత్తగా, అసలు సిసలు రెండు డోర్ల కూపే కావాలంటే మన దేశంలో బీఎండబ్ల్యూ ఎం2 లాంటి వాటి దగ్గరికి పోవాలి. దాని ధర కోటి దరిదాపుల్లో ఉంటుంది, చూడాలంటే హైదరాబాద్ దారి పట్టాలి. అంత పెట్టలేని వాళ్లు ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ, స్లావియా దగ్గర ఆగుతారు. కింద రాసినవి అన్నిటికీ వర్తిస్తాయి. ‘కూపే ఎస్‌యూవీ’ అని 2024లో వచ్చిన కర్వ్, బసాల్ట్ వేరే రకం. కుటుంబానికి మంచి బండ్లే. కప్పు వెనక్కి వాలిందని బరువు కిందికి దిగదు కాబట్టి వాటి మీద ఆటోక్రాస్ ఆశలు పెట్టుకోకండి.

ఇంకోటి, యూట్యూబ్‌లో చూసే అమెరికా ఆటోక్రాస్ కాంక్రీట్ మీదో తారు మీదో కోన్‌ల మధ్య జరుగుతుంది. మన దగ్గర ఆ పేరుతో జరిగేది చాలావరకు మట్టి ట్రాక్ మీదే. ఈ తేడా కింద చెప్పే రెండో సమస్యలో బాగా అక్కరకొస్తుంది.

లక్షణం: స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగదు, టైర్లు ముందే అరుస్తాయి

ముందు గాలి చూడండి. ఆ తర్వాతే మిగతావి.

కొత్త కారు ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కు వచ్చేలోపు లారీ మీద, యార్డులో రోజుల తరబడి కదలకుండా ఉంటుంది. టైరు ఒక్కచోటే నొక్కుకుపోకుండా గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. డెలివరీకి ముందు తనిఖీలో దాన్ని తగ్గించాలి. కస్టమర్‌కు ఇచ్చే బండికి తగ్గిస్తారు. డెమో బండిని మాత్రం చాలాచోట్ల అలాగే వదిలేస్తారు, గతుకుల్లో రిమ్ములకు దెబ్బ తగలదని. దాని మీద మన ఎండ ఒకటి. టైరులో వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, పొద్దున్నుంచి నలుగురైదుగురు తిప్పిన బండి ఎక్కితే ఆ టైర్లలో ఎంత గాలి ఉంటుందో మీరే లెక్కేసుకోండి. గాలి మరీ ఎక్కువైతే రోడ్డును పట్టే భాగం తగ్గిపోతుంది. ముందు టైరు కరవదు, బండి నేరుగా జారుతుంది. మీరేమో "దీనికి అండర్‌స్టీర్ ఎక్కువ" అని రాసిపారేస్తారు.

డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. చల్లటి టైరుకు ముందు ఎంత, వెనక ఎంత అని అందులో రాసి ఉంటుంది. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు నీడలో కదలకుండా ఉన్నది. అందుకే అపాయింట్‌మెంట్ పొద్దున షోరూమ్ తెరవగానే తీసుకోండి, మొదటి డ్రైవ్ మీదే కావాలి. గేజ్ మీది మీరు పట్టుకెళ్లండి, కొన్ని వందల్లో వస్తుంది. బంకులో గాలి మిషన్‌కు ఉన్న గేజ్‌ను నేను నమ్మను. ఎక్కువుంటే తగ్గించమని అడగండి, ఎవరూ కాదనరు.

"డ్యాష్‌బోర్డులో టైరు గుర్తు వెలగలేదు కదా సార్" అంటారు. చాలా బండ్లలో అది వెలిగేది గాలి తగ్గితే, ఎక్కువైతే కాదు. పైగా కొన్ని బండ్లలో టైరులో సెన్సరే ఉండదు, నాలుగు చక్రాలు తిరిగే వేగాలను పోల్చి ఊహిస్తుంది. నాలుగింట్లోనూ ఒకేలా ఎక్కువుండి, ఎవరో రీసెట్ నొక్కి ఉంటే దానికి అంతా బాగున్నట్టే.

గాలి సరిచేశాక కూడా ముక్కు జారుతుంటే, కంపెనీ టైర్లు చాలావరకు మైలేజీ కోసం చేసినవని గుర్తుపెట్టుకోండి. టైర్లు మార్చుకోవచ్చు. సస్పెన్షన్ స్వభావం అంత తేలిగ్గా మారదు. అందుకే టైర్ల అరుపు వదిలేసి, స్టీరింగ్ తిప్పగానే బండి ఒళ్లు ఎంత ఒరుగుతోంది, ఒరిగాక స్థిరపడుతోందా లేక ఊగుతోందా అన్నది చూడండి.

లక్షణం: మలుపు నుంచి బయటికొస్తూ తొక్కితే ఇంజిన్ పలకదు

జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మా దోస్తు ఒకడు ఇదే లక్షణంతో బండి కొన్నాక బాధపడ్డాడు. అలైన్‌మెంట్ చేయించాడు, స్పార్క్ ప్లగ్‌లు మార్పించాడు, ఖరీదైన పెట్రోలు పోయించాడు, టైర్లు కూడా మార్చాడు. ఊరి బయట తెలిసినవాళ్ల ఖాళీ మట్టి స్థలంలో పక్కసీట్లో కూర్చుని చూస్తే, అతను తొక్కిన ప్రతిసారీ మీటర్లో పసుపు బొమ్మ ఒకటి టపటపా కొట్టుకుంటోంది. కింద వంకర గీతలున్న కారు బొమ్మ. స్టీరింగ్ పట్టుకున్నవాడు మలుపును చూస్తాడు, మీటరును చూడడు. అన్ని నెలలూ అది వెలుగుతూనే ఉంది, చూసినవాడు లేడు.

అది ఈఎస్‌సీ, అంటే బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. కొన్ని కంపెనీలు ఈఎస్‌పీ అంటాయి. ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది, స్టీరింగ్ ఎంత తిప్పారు, బండి నిజంగా ఎంత తిరుగుతోంది అని సెన్సర్లతో కనిపెడుతుంటుంది. మీరు తిప్పినదానికీ బండి తిరిగినదానికీ పొంతన కుదరకపోతే ఒక చక్రానికి బ్రేక్ వేస్తుంది, ఇంజిన్ బలం కోస్తుంది. రోడ్డు మీద ప్రాణాలు కాపాడేది ఇదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆటోక్రాస్‌లో, అందునా మట్టి మీద, చక్రం కొంచెం జారనిదే బండి తిరగదు. ఆ కాస్త జారుడును కూడా అది ప్రమాదమనే అనుకుంటుంది. మీకేమో ‘బండి గుంజుతలేదు’.

"ఆఫ్ చేసే నడిపినమన్నా" అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒకటి, స్పోర్ట్ మోడ్ అంటే ఈఎస్‌సీ ఆఫ్ కాదు. చాలా బండ్లలో స్పోర్ట్ మోడ్‌లో యాక్సిలరేటర్ చురుకవుతుంది, స్టీరింగ్ బిగుస్తుంది, ఆటోమేటిక్ అయితే గేర్ ఆలస్యంగా మారుతుంది, అంతే. షోరూమ్ అబ్బాయి "స్పోర్ట్‌లో పెట్టిన సార్, అంతా ఫ్రీ" అంటే నవ్వి ఊరుకోండి.

రెండు, బటన్ ఒకసారి నొక్కితే చాలా బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ (తొక్కినప్పుడు చక్రం ఉత్తగా తిరగకుండా ఆపేది) ఒక్కటే ఆగుతుంది. ఈఎస్‌సీ కూడా ఆగాలంటే అదే బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. కొన్నిట్లో అలా పట్టినా సగమే ఆగుతుంది, బండి బాగా అదుపు తప్పితే మళ్లీ జోక్యం చేసుకుంటుంది. కొన్నిట్లో బటనే ఉండదు, స్క్రీన్ మెనూలో వెతకాలి. ఏ బండికి ఏది అన్నది ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. కంపెనీల వెబ్‌సైట్లలో మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది, షోరూమ్‌కు పోయే ముందు రాత్రి ఆ పేజీ చదవండి.

మూడోది అందరినీ పట్టేది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఈఎస్‌సీ దానంతట అదే ఆన్ అవుతుంది. అది లోపం కాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 140 అలాగే ఉండాలంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో ముందు షోరూమ్ అబ్బాయి నడుపుతాడు, బటన్ నొక్కి చూపిస్తాడు. పక్కకు ఆపి, ఇంజిన్ బంద్ చేసి, సీటు మారతారు. మీరు స్టార్ట్ చేస్తారు. ఆఫ్‌లో ఉందనే నమ్మకంతో మీరు నడిపింది ఆన్‌లో ఉన్న బండి.

నాలుగు, కొన్ని ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లలో ‘ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్’ అని గొప్పగా చెప్తారు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే భాగం. ఇది అసలు డిఫరెన్షియల్ కాదు, మలుపు లోపలి చక్రానికి బ్రేక్ వేసే ప్రోగ్రామ్. ఈఎస్‌సీ ఆపినా ఇది పనిచేస్తూనే ఉండొచ్చు. ఒకటి రెండు ల్యాప్‌లకు సాయమే చేస్తుంది. రోజంతా నడిపితే ముందు బ్రేక్ ప్యాడ్‌లు వేడెక్కి వాసన కొడతాయి. ఒక చక్రమే ఉత్తగా తిరిగి బలం వృథా కాకుండా చూసే నిజమైన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉందా అని విడిగా అడగండి. తెలియదంటే స్పెసిఫికేషన్ షీట్ తెమ్మనండి.

తేల్చుకోవడం కష్టమేం కాదు. వెంట వచ్చినవాణ్ని మీటర్ మీదే కన్నేసి ఉంచమనండి, వాడికి వేరే పని వద్దు. బొమ్మ టపటపా కొట్టుకుంటే ఈఎస్‌సీ ఆ క్షణంలో పనిచేస్తోందని. ‘ఆఫ్’ గుర్తు నిలకడగా వెలిగితే ఆపారని. రెండూ వేరు. ఇంకో గుర్తు: పెడల్ అలాగే తొక్కి ఉంచి స్టీరింగ్ కాస్త నేరు చేయగానే బలం తిరిగొస్తే అది ఈఎస్‌సీ పనే. బొమ్మ కదలకుండా, ఆర్‌పీఎం 1,800 కిందికి పడిపోయి, ఒక్క క్షణం ఆగి అకస్మాత్తుగా బలమొస్తే అది టర్బో ఆలస్యం. దానికి మందు బటన్ కాదు, కింది గేరు.

ఇదంతా రోడ్డు మీద చేయకండి. హన్మకొండ హంటర్ రోడ్డు మీద స్కూలు బస్సుల మధ్య ఈఎస్‌సీ ఆపి చూసేదేం లేదు. రింగు రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది కానీ ధాన్యం ఆరబోసే కాలంలో సగం రోడ్డు వడ్లే ఉంటాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ రోడ్ల మీద వేగపు పరీక్షలు నేరం. మామూలు కారు ఇన్సూరెన్స్ కూడా రేసులకు, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించదు. షోరూమ్ వాళ్లు ఒప్పుకుంటే, యజమాని అనుమతి ఉన్న ఖాళీ స్థలంలో ముప్పై నలభై వేగంలోనే అన్నీ తెలిసిపోతాయి. ఒప్పుకోకపోతే నడిపే పని వదిలేసి, బండిని కదపకుండా నిలబెట్టి ఉంచి, ఈఎస్‌సీ బటన్ నొక్కి ఏ గుర్తు ఎలా వెలుగుతుందో చూసుకోండి. మాన్యువల్‌లోని పేజీతో కలిపితే సగం సంగతి అక్కడే తేలుతుంది.

లక్షణం: బండి మొత్తంగా నీరసంగా ఉంది

షోరూమ్ ముందు ఏసీ వేసుకుని అరగంట ఎండలో నిలబడ్డ టర్బో పెట్రోల్ బండి అలాగే ఉంటుంది. లోపలికి పోయే గాలే వేడిగా ఉంటే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. ఏసీ ఆపి, నాలుగైదు కిలోమీటర్లు నిలకడగా నడిపాక మళ్లీ చూడండి. హన్మకొండ నుంచి మడికొండ వైపు నాలుగు లైన్ల హైవే ఎక్కితే ఇంజిన్‌కు గాలి బాగా తగులుతుంది.

లక్షణం: ఆటోమేటిక్ బండి చెప్పిన మాట వినదు

మాన్యువల్ మోడ్‌లో పెట్టినా రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దగ్గర తనే పై గేరుకు పోతుందా చూడండి. ఆటోక్రాస్ అంతా దాదాపు రెండో గేరులోనే, కాబట్టి మలుపు మధ్యలో గేరు మారితే ల్యాప్ పోయినట్టే. దీనికి రిపేరు లేదు. అదే బండిలో మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంటే అది తీసుకోండి. ఎడమ కాలితో బ్రేక్ వేసే అలవాటున్నవాళ్లు ఇంకోటి చూడాలి: బ్రేక్, యాక్సిలరేటర్ కలిపి తొక్కితే చాలా కొత్త బండ్లు యాక్సిలరేటర్‌ను లెక్కచేయవు.

లక్షణం: కూర్చుంటే ఇరుకు, తల తగులుతుంది

హెల్మెట్ వెంట తీసుకుపోండి. షోరూమ్ వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌లో కప్పు లోపలివైపు కిందికి ఉంటుంది. సీటు పూర్తిగా దించి, హెల్మెట్ పెట్టుకుని, తలకూ కప్పుకూ మధ్య పిడికిలి పడుతుందా చూడండి. పట్టకపోతే సన్‌రూఫ్ లేని వేరియంట్ అడగండి. డబ్బూ తగ్గుతుంది, పైనున్న బరువూ తగ్గుతుంది.

మిగతావి

బ్రేక్ పెడల్ మెత్తగా ఉంటే ఇంకో డెమో బండి అడిగి పోల్చండి, రెండూ అలాగే ఉంటే ఆ మోడల్ తీరే అంత. నేరుగా పోతుంటే ఒక పక్కకు లాగితే అలైన్‌మెంట్, డెమో బండి ఎవరో గుంతలో దించి ఉంటారు. చక్రం బేరింగ్, వంగిన రిమ్ము, కల్తీ పెట్రోలు లాంటివి కొత్త బండిలో నూటికి ఒకటి కూడా ఉండవు, వాటితో మొదలుపెట్టకండి. గాలి, గుర్తు, హెల్మెట్ మూడూ చూశాక కూడా అనుమానం మిగిలితే అప్పుడు ఫోన్ చేయండి. గేజ్‌లో ఎంత చూపించిందో చెప్పి మాట్లాడండి.