కారు టోటల్ లాస్ అంటే బాగు చేయించాలా, వదిలేయాలా? తేల్చుకోవడం ఎలా

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచేసింది. మరుసటి రోజు అది బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ కింద నిలిచిన నీళ్లు మాత్రం కదల్లేదు. నీళ్లు తీశాక కారు డోర్ తెరిస్తే లోపల సీట్ల మీద, స్టీరింగ్ కింది అంచు దగ్గర బురద గీత ఒకటి స్కేలు పెట్టి గీసినట్టు నిలబడి ఉంది. గ్లవ్ బాక్స్ లాగితే నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. ఆ రోజు నుంచి నెలన్నర పాటు మా ఇంట్లో ఒకటే చర్చ. ఈ కారును బాగు చేయించాలా, వదిలేయాలా?

అప్పుడు నాకు తెలియక తిప్పలు పడిన విషయాలను ఇక్కడ వరుసగా రాస్తున్నాను. రిపేరు ఖర్చు మరీ ఎక్కువై, కంపెనీ రిపేరుకు బదులు కారు విలువే ఇచ్చేయడాన్ని టోటల్ లాస్ అంటారు. మాది వరద కేసు. యాక్సిడెంట్ అయినా లెక్క ఇదే. ఎక్కడ తేడా ఉంటుందో అక్కడ చెబుతాను.

ముందు: స్టార్ట్ చేయొద్దు

నీట మునిగిన కారు తాళం తిప్పొద్దు, బటన్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు చేరితే పిస్టన్ వాటిని అణచలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నీళ్లున్న ఇంజిన్‌ను మీరు తిప్పడం వల్ల వచ్చిన నష్టం అని సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ తరఫున వచ్చే మనిషి) రాస్తే, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (అదనపు ప్రీమియం కట్టి తీసుకునే రక్షణ) లేనివాళ్లకు ఇంజిన్ ఖర్చు క్లెయిమ్‌లోంచి ఎగిరిపోతుంది. దాంతో టోటల్ లాస్ దాకా వెళ్లాల్సిన కారు కాస్తా మామూలు రిపేరు కేసుగా మారి, బిల్లు మీ నెత్తిన పడుతుంది.

బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. నీటి గీత కనబడేలా లోపలా బయటా ఫొటోలు తీయండి, నంబర్ ప్లేటు కూడా పడాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. టోయింగ్ బండి వచ్చేదాకా కారును ముట్టుకోకండి. తుడిచి శుభ్రం చేయాలని మనసు లాగుతుంది, నాకూ లాగింది. కానీ ఆ బురదే మీ సాక్ష్యం.

రెండోది: మీ ఐడీవీ ఎంతో చూడండి

పాలసీ కాగితంలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. పాలసీ మొదలయ్యే నాటికి ఆ మోడల్ ఎక్స్ షోరూమ్ ధరలోంచి వయసును బట్టి తరుగు తీసి దాన్ని లెక్కకడతారు. ఏడాది దాటి రెండేళ్ల లోపు కారుకు 20 శాతం, రెండు నుంచి మూడేళ్లకు 30, మూడు నుంచి నాలుగుకు 40, నాలుగు నుంచి ఐదుకు 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఇందులో కలవవు. కారు కొన్న నాటి బిల్లు ధరను, చాలా పాలసీల్లో లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చుతో కలిపి ఇచ్చేది రిటర్న్ టు ఇన్‌వాయిస్ యాడ్ ఆన్. అది ఉంటే మీ లెక్క మొత్తం మారిపోతుంది కాబట్టి పాలసీ కాగితం చివరిదాకా చదవండి.

మా కారుకు అప్పటికి నాలుగేళ్లు దాటాయి. ఐడీవీ 4,20,000 రూపాయలు.

మూడోది: 75 శాతం అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ కింద తీసుకోవాలని మోటార్ పాలసీ చెబుతుంది. మాకు ఆ గీత 3,15,000 దగ్గర ఉంది. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ 4,60,000 వచ్చింది. ఇంకేముంది, దాటేసింది అనుకున్నాను. అలా కాదట. పాలసీ షరతులకు లోబడి అయ్యే ఖర్చు అని అక్కడ ఒక మాట ఉంటుంది. అంటే ఎస్టిమేట్‌లోంచి తరుగు, పాలసీలో చెల్లని ఐటమ్‌లు తీసేశాక సర్వేయర్ తేల్చిన అంకెనే ఆ గీతతో పోల్చి చూస్తారు.

జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం కోత పడుతుంది. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోస్తారు, నాలుగు నుంచి ఐదేళ్ల కారుకైతే 35 శాతం. అద్దాలకు కోత లేదు. ఈ కోతలన్నీ పోగా మా కేసులో సర్వేయర్ అంకె 3,30,000 దగ్గర ఆగింది. అంటే గీతను దాటింది 15 వేలే. అదే 2,90,000 దగ్గర ఆగి ఉంటే? అప్పుడది టోటల్ లాస్ కాదు. కంపెనీ 2,90,000 ఇస్తుంది, మిగిలిన 1,70,000 మేము జేబులోంచి పెట్టుకుని నీళ్లు తాగిన కారును ఇంటికి తెచ్చుకోవాలి. అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి ఇది.

అందుకే సర్వేయర్ చివరి రిపోర్టు రాసేలోపే కారును పూర్తిగా విప్పి చూపించమని సర్వీస్ సెంటర్‌ను అడగండి. సీట్లు, కార్పెట్, డ్యాష్‌బోర్డు విప్పితేనే వైరింగ్ సంగతి బయటపడుతుంది. పైపైన చూసి రాసిన ఎస్టిమేట్‌లో సగం నష్టమే ఉంటుంది. మిగతా సగం ఆరు నెలల తర్వాత మీ ఖర్చుతో బయటికొస్తుంది. సర్వే రిపోర్టు కాపీ ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టండి. నోటి మాటతో ఆగొద్దు.

నాలుగోది: దెబ్బ ఎక్కడ తగిలిందో మీ కళ్లతో చూడండి

కార్పెట్ తడిసి అంతటితో ఆగిన కారును బాగు చేయించుకోవచ్చు. కాకపోతే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ చాలా కార్లలో గేర్ లివర్ చుట్టుపక్కల, నేలకు దగ్గరగా బిగించి ఉంటుంది. కార్పెట్ మునిగితే దాన్ని మాత్రం తప్పక పరీక్ష చేయించండి. సీటు దాకా వస్తే ఆలోచించాలి. డ్యాష్‌బోర్డు దాకా వస్తే నా మాటగా చెబుతున్నాను, వదిలేయండి.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, సర్వీస్ సెంటర్‌లో మా కారు చూసుకున్న అబ్బాయిది నెల్లూరు. నేను తెలుగులో పలకరించగానే నన్ను పక్కకు పిలిచి, డ్యాష్‌బోర్డు వెనకనుంచి ఒక కనెక్టర్ ఊడదీసి అరచేతిలో పెట్టాడు. గోరంత సాకెట్. లోపల పిన్నుల మీద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంది, మధ్యలో సన్నటి బురద పొర. నీళ్లు తగిలి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు. "అన్నా, ఇట్లాంటివి ఈ కారులో బోలెడున్నాయి. అన్నీ కడిగి ఆరబెడితే ఇప్పుడు బండి నడుస్తుంది. వచ్చే వానాకాలం హైవేలో ఏది ఆగిపోతుందో నేను చెప్పలేనన్నా" అన్నాడు. అన్ని రోజుల చర్చలో నాకు అందిన నికరమైన మాట అదొక్కటే.

యాక్సిడెంట్ కారులో చూడాల్సినవి వేరు. బంపర్, బానెట్, డోర్లు ఎంత నుజ్జయినా అవి మార్చుకునే భాగాలే, టింకరింగ్, పెయింటింగ్‌తో పోతాయి. పైకప్పును మోసే పిల్లర్లు, ముందువైపు చాసిస్ కాళ్లు, ఫ్లోర్ వంగాయా అన్నది అసలు ప్రశ్న. వాటిని కోసి అతికించిన కారు చూపుకు బాగానే ఉన్నా, ఇంకోసారి గుద్దుకుంటే ఆ దెబ్బను పాత కారులా తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగే కారు అది.

ఐదోది: కాగితం మీద లెక్క వేయండి

టోటల్ లాస్ తేలాక కంపెనీ సాధారణంగా రెండు దారులు చూపిస్తుంది. మొదటి దారిలో కారు, ఆర్‌సీ, తాళాలు వాళ్లకు అప్పగిస్తారు. మీకు ఐడీవీ వస్తుంది, అందులోంచి తప్పనిసరి కోత 1500 సీసీ దాకా కార్లకు 1000 రూపాయలు, ఆ పైన 2000 పోతాయి. రెండో దారి నెట్ ఆఫ్ సాల్వేజ్. తుక్కు కారుకు వేలంలో పలికిన ధరను, ఆ తప్పనిసరి కోతతో పాటు ఐడీవీలోంచి తీసేసి మిగతా డబ్బు ఇస్తారు, కారు మీ దగ్గరే ఉండిపోతుంది.

మా కారుకు వేలంలో పలికిన ధర 1,10,000. మొదటి దారిలో చేతికి వచ్చేది 4,19,000. రెండో దారిలో 3,09,000, దాంతోపాటు బురద కారు. బయట షెడ్డులో తెలిసిన మెకానిక్ 2,60,000లో చేసిస్తానన్నాడు. పుదుపేటలో పాత స్పేర్లు దొరుకుతాయి కాబట్టి ఆ అంకె నమ్మదగ్గదే. మా బావగారు వెంటనే, "3,09,000లో 2,60,000 పోతే ఇంకా 49,000 మిగులుతుంది, కారూ ఉంటుంది" అన్నారు. వినడానికి ఎంత బాగుందో!

కానీ లెక్క అలా వేయకూడదు. మొదటి దారిలో వచ్చే మొత్తాన్ని పక్కన పెట్టుకుని, కారు ఉంచుకుంటే అది ఎంతకు పడుతుందో చూడాలి. వదులుకున్న 1,10,000, రిపేరు 2,60,000 కలిపితే 3,70,000. అదే మోడల్, అదే వయసు, నీళ్లు తగలని కారు అప్పట్లో సెకండ్ హ్యాండ్‌లో 4,50,000కు దొరుకుతోంది. అంటే మిగిలేది 80,000. ఆ 80 వేల కోసం ఎప్పుడు ఆగుతుందో తెలియని వైరింగ్‌నూ, అమ్మబోతే నీళ్ల కారని సగం ధర అడిగే బేరగాళ్లనూ భరించాలా? మేము వద్దనుకున్నాం. రిపేరు లక్షలోపు తేలి, నీళ్లు సీటు కిందే ఆగి ఉంటే ఉంచుకునేవాళ్లమే.

ఇంకో మాట. టోటల్ లాస్ డబ్బు తీసుకోవడంతో ఆ పాలసీ అయిపోతుంది. కారు ఉంచుకుంటే దానికి కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకోవాలి, కంపెనీ వచ్చి చూసి ఒప్పుకోవాలి. వాళ్లు కాదంటే, మీ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీతోనే సరిపెట్టుకోవాలి.

లోన్ ఉంటే

డబ్బు ముందు బ్యాంకుకు వెళుతుంది, మిగిలిందే మీకు. బాకీ ఐడీవీ కన్నా ఎక్కువుంటే ఆ తేడా మీరే కట్టాలి. బ్యాంకు దగ్గర, లోన్ తీర్చేయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ ముందే తీసుకుంటే సెటిల్‌మెంట్ ఆగదు. క్లెయిమ్ నడుస్తున్నంత కాలం ఈఎంఐ కడుతూనే ఉండండి.

కన్సెంట్ లెటర్ మీద సంతకం

సెటిల్‌మెంట్ మొత్తం రాసి సంతకం అడుగుతారు. అంకె లేని కాగితం మీద చేయొద్దు. ఏ దారి ఎంచుకున్నారో, చేతికి ఎంత వస్తుందో, తుక్కు విలువ ఎంతకు పట్టుకున్నారో అందులో ఉండాలి. ఐడీవీలోంచి ఊరికే ఇంకో పదిశాతం తగ్గిస్తామంటే ఏ షరతు కిందో రాసివ్వమనండి. రిపేరు చేయించకపోతే కొన్ని సర్వీస్ సెంటర్లు ఎస్టిమేట్ చార్జీ, పార్కింగ్ చార్జీ వేస్తాయి, వాటిని ఎవరు కడతారో అప్పుడే తేల్చుకోండి.

కుదరకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. చెన్నైలో ఆ ఆఫీసు తేనాంపేటలో అన్నా సాలై మీదే ఉంది.

చివరి పని: ఆర్‌సీ

డబ్బు ఖాతాలో పడగానే చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. దయచేసి మరవకండి. కారు ఇక పనికిరాదని తేలితే 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. ఏపీ, తెలంగాణ నంబర్లతో చెన్నైలో తిరిగే మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మీరు ఉండే ప్రాంతపు ఆర్టీవోకు ఇస్తే వాళ్లే మొదట రిజిస్టర్ చేసిన ఆఫీసుకు పంపాలి. ఆచరణలో తిరగాల్సి వస్తుంది, అయినా తిరగండి.

కంపెనీ ఆర్‌సీతో సహా కారును వేలంలో అమ్ముతుంటే, కొన్నవాళ్ల పేరు మీదకు మారేదాకా ఆ సంగతి వదలొద్దు. తుక్కు కారు ఆర్‌సీ కొని, దాని చాసిస్ నంబరును దొంగిలించిన కారుకు వేసే ముఠాలు పోలీసులకు చిక్కాయి. అలాంటి కారు ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఖాళీగా ఉన్న ఫారం 29, 30 (ఓనరు పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టి ఇవ్వకండి, కొనేవాళ్ల వివరాలు నింపాకే పెట్టండి. కారు అప్పగించిన రోజు తేదీ, టైముతో రసీదు తీసుకోండి. ఫాస్టాగ్ మూసేయించండి. ఆ తర్వాత నెలకోసారి, ప్రభుత్వ వాహన రికార్డులు చూపించే ఎంపరివాహన్ యాప్‌లో మీ పాత నంబరు కొట్టి చూస్తూ ఉండండి. రద్దయినట్టో, పేరు మారినట్టో కనబడ్డాక ఒక స్క్రీన్‌షాట్ తీసి క్లెయిమ్ కాగితాలతో కలిపి దాచుకోండి.