గని లీజు ఉత్తర్వును సవాలు చేయాలంటే

ముందు ఉత్తర్వులో ఖనిజం పేరు చూడండి. ఏ గడప తొక్కాలో దాన్నిబట్టే తేలుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయిగా తీసే సున్నపురాయి చిన్న తరహా (మైనర్) ఖనిజం. అదే సున్నపురాయి సిమెంటుకు పోతే పెద్ద తరహా (మేజర్). ముగ్గురాయి (బెరైటీస్) లెక్క ఇంకా తికమక: 2015 ఫిబ్రవరిలో చిన్న తరహాలో చేర్చారు, 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్ద తరహాకు మార్చారు. పలుగురాయి, ఫెల్‌స్పార్, మైకా కూడా అంతే. కాబట్టి ఉత్తర్వు తేదీ నాటికి ఆ ఖనిజం ఏ జాబితాలో ఉందో రాసిపెట్టుకోండి.

చిన్న తరహా అయితే 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్న తరహా ఖనిజాల నిబంధనల ప్రకారం గనుల శాఖలోనే పై అధికారికి అప్పీలు, ఆపైన రాష్ట్ర ప్రభుత్వానికి రివిజన్ (ఉత్తర్వును మళ్లీ పరిశీలించమనే అర్జీ). పెద్ద తరహా అయితే 1957 నాటి కేంద్ర గనుల, ఖనిజాల చట్టం సెక్షన్ 30 కింద మూడు నెలల్లోపు కేంద్రానికి రివిజన్. లీజు ఎవరికి ఇచ్చారో వాళ్లను ప్రతివాదిగా చేర్చడం మరవొద్దు. గడువు ఉత్తర్వు అందిన రోజు నుంచి మొదలవుతుంది, అందుకే రిజిస్టర్ పోస్టు కవరు దాచుకోండి. అప్పీలు వేసినంత మాత్రాన తవ్వకం ఆగదు, స్టే (తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు) విడిగా అడగాలి.

నేరుగా హైకోర్టుకు వెళ్తే 'అప్పీలు దారి ఉంది కదా' అని తిప్పి పంపడం మామూలే. నోటీసు లేకుండా ఉత్తర్వు ఇచ్చినా, అధికారం లేనివాళ్లు ఇచ్చినా రిట్‌కు (హైకోర్టులో నేరుగా వేసే పిటిషన్‌కు) బలం ఉంటుంది. అవతలివాళ్లు యంత్రాలు దింపి పెట్టుబడి పెట్టాక వెళ్తే ఆ బలమూ తగ్గుతుంది. పెద్ద తరహా ఖనిజానికి 'నా దరఖాస్తే ముందు' అనే వాదన ఇప్పుడు పెద్దగా పనికిరాదు. 2015 జనవరి 12కు ముందు పెట్టినవి, కొన్ని మినహాయింపులు తప్ప, అన్నీ చెల్లకుండా పోయాయి.

చాలా కేసులు గెలిచేదీ ఓడేదీ హద్దుల దగ్గరే. ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (భూమి హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) నకళ్లు తెచ్చి, లీజు స్కెచ్‌లోని అక్షాంశ రేఖాంశాలతో సర్వేయర్ చేత పోల్చి చూపించండి. సబ్‌డివిజన్ నంబరు ఒక్కటి తప్పినా పక్క రైతు పొలం లీజులో పడుతుంది. ఓబులాపురం దగ్గర హద్దు గొడవ రాష్ట్ర సరిహద్దు దాకా పోయి, సుప్రీంకోర్టుకు ఎక్కింది. డీకేటీ పట్టా (పేదలకు ప్రభుత్వం అసైన్ చేసిన) భూమైతే ఇంకా జాగ్రత్త. 1977 చట్టం ఆ భూమి అమ్మకాన్నే నిషేధించింది; 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు కొంత సడలింపు ఇచ్చింది. ఆ సడలింపు వర్తించకపోతే, కొన్నవాడి అంగీకార పత్రం మీద నడిచిన ఫైలు బలహీనమే.

తహసీల్దారు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), తనిఖీ నివేదిక, నోట్ ఫైలు (అధికారులు రాసుకున్న అభిప్రాయాల ఫైలు) కోసం నిర్ణీత ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల దాకా పట్టొచ్చు, ఈలోగా అప్పీలు గడువు మాత్రం ఆగదు. చేతిలో ఉన్నవాటితో అప్పీలు వేసి, మిగతావి తర్వాత జతచేయండి.

పర్యావరణ అనుమతిది వేరే దారి. అయిదు హెక్టార్ల లోపు చిన్న క్వారీకి కూడా అది ఉండాలని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ అనుమతి మీద అభ్యంతరం చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు.

లీజు తీసుకుని పని మొదలుపెట్టకుండా ఉంచుకున్నవాళ్ల మీద ఇంకో ఆయుధం ఉంది. పెద్ద తరహాలో రెండేళ్లు ఉత్పత్తి, రవాణా లేకపోతే లీజు రద్దయ్యే నిబంధన ఉంది. గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసు నుంచి ఖనిజ రవాణా పర్మిట్ల వివరాలు నెలవారీగా అడిగి తీసుకుంటే ఖాళీ నెలలు అందులోనే కనిపిస్తాయి.