రౌటర్ మార్చే ముందు రెండు ఫోన్లు, ఒక రబ్బర్ బ్యాండ్

మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వీడియో కాల్ మాట్లాడుతూ హాల్లోంచి వంటింట్లోకి నడిస్తే చాలు, అవతలివాళ్లకి నా మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. కొత్త రౌటర్ ఆర్డర్ పెట్టేవాణ్ణే, కానీ ఇబ్బంది నా నడక వల్లా, పక్క ఫ్లాట్ల వైఫైల గోల వల్లా అన్నది తేల్చకుండా ఏం కొన్నా దండగే అనిపించింది.

ఆండ్రాయిడ్ ఫోన్లో ఏదో ఒక వైఫై ఎనలైజర్ యాప్ (చుట్టూ ఉన్న వైఫైల బలం గ్రాఫ్‌గా చూపించేది) వేసుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో వైఫై స్కాన్ థ్రాట్లింగ్ (స్కాన్ల మీద ఫోన్ పెట్టే పరిమితి) ఆపేయండి, లేదంటే రెండు నిమిషాలకి నాలుగుసార్లే స్కాన్ చేస్తుంది, గ్రాఫ్ కదలదు. సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెలో వస్తుంది, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. వీడియో కాల్‌కి మైనస్ 67 కంటే పడిపోకపోతే మంచిది. నాయిస్‌ని, అంటే సిగ్నల్‌కి అడ్డొచ్చే రేడియో రొదని, చాలా ఫోన్లు చూపించవు. మ్యాక్‌బుక్‌లో ఆప్షన్ కీ నొక్కి వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే రెండూ కనిపిస్తాయి. సిగ్నల్ మైనస్ 60, నాయిస్ మైనస్ 90 అయితే తేడా 30 డీబీ. 25 దాటితే టెన్షన్ అక్కర్లేదు.

ఇక కదలిక. రెండో ఫోన్లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో యాక్సెలరోమీటర్ (కుదుపుల్ని కొలిచే సెన్సర్) ఆన్ చేసి, రెండు ఫోన్లకీ కలిపి రబ్బర్ బ్యాండ్ వేయండి (మా ఆవిడ నవ్వింది, నవ్వనివ్వండి). రెండు నిమిషాలు స్టూల్ మీద వదిలేయండి, తర్వాత చేత్తో పట్టుకుని నిలబడండి, ఆ తర్వాత మామూలుగా నడవండి. గ్రాఫులు పక్కపక్కన పెడితే కుదుపు మొదలైన చోటే సిగ్నల్ పడిందో లేదో తెలిసిపోతుంది. వైఫై వాడే రెండు ముఖ్యమైన బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, గోడలకీ బీరువాకీ తగిలి వెనక్కొచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు నుంచి ఫోన్ రెండు వేళ్లంత జరిగినా అంకె 10 డీబీ మారొచ్చు, అంటే పవర్‌లో పది రెట్లు. అందుకే ఒక్క రీడింగ్‌ని నమ్మొద్దు.

నడిచినప్పుడే పడుతుంటే రౌటర్ చోటు మార్చండి. మాది స్టీల్ బీరువా వెనక దాక్కుని ఉంది, తీసి ఎత్తులో గోడకి పెట్టాక వంటింటి బాధ చాలావరకు పోయింది. కదలకుండా ఉన్నా, సిగ్నల్ బాగున్నా కాల్ తెగుతుంటే అనుమానించాల్సింది పక్కింటి వైఫైలనే, వాటి రద్దీ ఆ నాయిస్ అంకెలో సరిగ్గా కనపడదు. రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, కుదరకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4లోని 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నది పట్టుకోండి. మైక్రోవేవ్ ఆన్‌లో ఉండగా మాత్రం కొలవకండి, అదీ 2.4 దగ్గరే గోల చేస్తుంది. పొద్దున పదకొండింటికి కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, అపార్ట్‌మెంట్ అంతా ఇంటికి చేరాక రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి కొలవండి.