పెరడూ వాకిలీ తీర్చుకోవడం: గంజాం నుంచి రాయగడ దాకా తెలుగు ఇళ్లకు కొన్ని సూచనలు

ఇల్లు పూర్తయ్యాక చుట్టూ మిగిలిన జాగాను ఏం చేయాలన్న ఆలోచన చాలామందికి మొక్కల దగ్గరే మొదలవుతుంది. నర్సరీకి వెళ్లి కంటికి నచ్చినవి తెచ్చి నాటడం, నాలుగేళ్లు తిరిగేసరికి అవి కిటికీలకు అడ్డం వస్తున్నాయనో, వేర్లు కాలువను పగలగొడుతున్నాయనో నరికించడం మన వైపు మామూలైపోయింది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఈ క్రమాన్ని తిరగేయాలి. ముందు నీరు ఎటు పోవాలో, తరువాత గాలి ఎటు నుంచి కొడుతుందో, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో తేల్చుకుని, మనుషులు కూర్చునే చోట్లు నిర్ణయించి, మొక్కలను అన్నిటికన్నా చివర ఎంచుకోవాలి.

నీటితో మొదలు

ఈ ప్రాంతంలో ఏటా సుమారు 1,300 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్‌కూ అక్టోబరుకూ మధ్యనే కురిసిపోతుంది. వాయుగుండం పట్టిన ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు పడటం అరుదేమీ కాదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఆ ఒక్క రోజు పడే నీరు 9 వేల లీటర్లు దాటుతుంది. ఇల్లు కట్టింది ఐదు డిసిమిళ్ల జాగాలో అనుకుంటే, అంటే సెంట్ల లెక్కలోనూ ఐదే, 2,178 చదరపు అడుగులు, ఇంటికి పోగా మిగిలిన కాస్త నేలా ఈ నీటినంతా మోయాలి. ఆ నేల మొత్తాన్ని సిమెంటుతో కప్పేస్తే నీరు పక్కింటివారి గోడ కిందికో, మన గుమ్మంలోకో రాక తప్పదు.

నేల నీటిని ఎంతవరకు తాగుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తవ్వి, నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. మొదటిసారి ఎండు మట్టి గబగబా పీల్చేస్తుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. రెండోసారి నింపి, అంగుళాల గుర్తులు పెట్టిన కర్రను లోపల నిలబెట్టి, గంటకు నీరు ఎంత దిగిందో చూడాలి. అంగుళం, ఆపైన దిగితే ఆ చోట ఇంకుడు గుంత పనిచేస్తుంది. గంటలో అరంగుళమైనా దిగకపోతే అది జిగట నేల. అక్కడ గుంత తవ్వితే దోమల తొట్టి అవుతుంది తప్ప నీరు ఇంకదు, కాబట్టి వాలు కాలువ తీసి నీటిని వీధి కాలువకు చేర్చడమే మేలు. ఛత్రపురం, గోపాలపురం వైపు ఇసుక నేలల్లో నీరు చూస్తుండగానే దిగిపోతుంది. అక్కడ బావి నీరు ఉప్పుదేరే భయం ఉన్నందున డాబా నీటిని ఇంకించడం తోటకన్నా బావికి ఎక్కువ ఉపకారం.

ఇంకుడు గుంతను పునాదికి కనీసం పదడుగుల దూరంలో తవ్వాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ముతక ఇసుక వేయాలి. డాబా నుంచి వచ్చే గొట్టం నేరుగా గుంతలోకి కాకుండా ముందు చిన్న తొట్టిలోకి వచ్చేటట్టు పెడితే ఆకూ మట్టీ ఆ తొట్టిలోనే నిలిచిపోతాయి. నడిచే చోట గచ్చుకైనా రాతి పరుపుకైనా పదడుగులకు అంగుళంన్నర వాలు ఇవ్వాలి, ఆ వాలు ఎప్పుడూ ఇంటి నుంచి బయటి వైపుకే ఉండాలి. ఈ మాట మేస్త్రీకి నోటితో చెప్పి ఊరుకోకుండా, దారం కట్టించి, చెంబెడు నీళ్లు పోయించి, అవి ఎటు పారుతున్నాయో చూసుకున్నాకే డబ్బులివ్వడం మంచిది.

స్నానాల గది నుంచీ గిన్నెలు తోమే చప్టా నుంచీ వచ్చే నీటిని అరటి, కంద, చేమ ఉన్న మడికి మళ్లిస్తే అవి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. ఆ నీటిని ఆకుకూరలకు పెట్టకూడదు.

గాలి, నీడ

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినా, దాని వానకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలమట్టమయ్యాయి. ఈ తేదీలను గుర్తుపెట్టుకుని పెరటిని గీసుకోవాలి. తుఫాను కన్ను మీదుగా పోతే గాలి కాసేపు ఆగి, తరువాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. కనుక ఒకవైపు మాత్రమే తీగలు లాగి కట్టిన పందిరి రెండో విడతలో లేచిపోతుంది. స్థిరమైన షెడ్డు వేయించేవారు స్తంభాలను మూడడుగుల లోతున కాంక్రీటులో పాతించి, నాలుగు మూలలా ఏటవాలు ఊతాలు పెట్టించి, రేకులను మేకులతో కాక వాషర్లున్న స్క్రూలతో బిగింపించాలి. పెరటిలో రేకుల షెడ్డు కన్నా విప్పి మడిచి లోపల పెట్టుకోగల నీడ వలను (షేడ్ నెట్) నేను ఎక్కువగా సిఫారసు చేస్తాను. ఇనుప చట్రానికి కొక్కేలతో తగిలించిన వలను హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు అరగంటలో దించేయగలరు, ఎగిరిపోయిన రేకు మాత్రం ఎవరి మెడ మీద పడుతుందో చెప్పలేము.

రాయగడ, గుణుపురం వైపు వెదురు తేలికగా దొరుకుతుంది, వెదురు పందిరి చూడముచ్చటగా కూడా ఉంటుంది. అయితే పచ్చి వెదురును నేరుగా మట్టిలో పాతితే రెండు మూడేళ్లకే చెదలు తినేస్తాయి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టిన బొంగులను నేలకు తగలకుండా, రాతి దిమ్మల మీద ఇనుప పట్టీలతో నిలబెట్టాలి.

చెట్ల విషయంలో ముందు విరిగేవాటిని దూరం పెట్టాలి. మునగ కొమ్మ పెళుసు. దానిని వదులుకోమని ఒడిశాలో ఎవరికీ చెప్పలేము గనుక, విరిగినా కూరమడి మీదనే పడేటట్టు నాటుకుంటే సరిపోతుంది. తురాయి, నిద్రగన్నేరు నీడ చూసి ముచ్చటపడి చిన్న జాగాల్లో పెట్టకూడదు. ఇంటికి దగ్గరగా పొగడ, కానుగ, పొన్న వంటివి నయం, వాటినీ ఏటా సెప్టెంబరులో పలచగా కొమ్మలు కొట్టించి గాలి దూరే సందు ఇవ్వాలి. ఏ పెద్ద చెట్టయినా పెరిగి పడితే ఇంటిని అందుకోనంత దూరంలో ఉండటం అసలు నియమం, ఐదు డిసిమిళ్లలో అది సాధ్యం కాదు గనుక అక్కడ జామ, నిమ్మ, సపోటా, ఉసిరి వరకే ఆగాలి.

ఎండ లెక్క కూడా ఇక్కడ వేరు. మన అక్షాంశం సుమారు 19 డిగ్రీలు కావడంతో మే నెల మధ్యలోనూ, మళ్లీ జూలై చివరి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, జూన్‌లో కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల వేసవిలో దక్షిణపు గోడ పెద్దగా వేడెక్కదు. రెండింటి నుంచి ఐదింటి దాకా పడమటి గోడ మాత్రం కొలిమిలా కాగుతుంది. చెట్టు ఒక్కటే పెట్టే వీలుంటే దాన్ని పడమరనే పెట్టాలి. చెట్టుకు చోటు లేకపోతే గోడకు రెండడుగుల దూరంలో తీగల పందిరి నిలబెట్టి శంఖుపూలో, రాధామనోహరమో పాకించవచ్చు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. తొమ్మిదడుగుల ఎత్తున నాలుగడుగుల చూరున్న దక్షిణపు వసారాలో గోడకు చేరగిలబడి కూర్చున్నవారికి ఆ నెలలో ఎండ తల దాకా తగులుతుంది, మే నెలలో అదే చూరు కింద పూర్తి నీడ ఉంటుంది. బరంపురం చుట్టుపక్కల వేసవి సాయంకాలాల్లో సముద్రపు గాలి దక్షిణం నుంచీ ఆగ్నేయం నుంచీ వస్తుంది కనుక ఆ దిక్కున ప్రహరీని నిండుగోడగా లేపకుండా, మూడడుగుల పైన జాలీ ఇటుక పెట్టించడం మంచిది.

కూర్చునే చోట్లు

బరంపురం పాత వీధుల్లో సన్నగా పొడుగ్గా ఉండే ఇళ్లకు ముందు అరుగు, వెనక నుయ్యి, దాని చుట్టూ చప్టా ఉండేవి. కొత్త కాలనీల్లో అరుగు స్థానాన్ని కారు ఆక్రమించింది. ఉన్న జాగాలో అరుగు మళ్లీ కట్టించుకోదలచినవారు ఎత్తు 18 అంగుళాలకు మించకుండా, వెడల్పు 30 అంగుళాలకు తగ్గకుండా చూసుకోవాలి. అప్పుడే కూర్చోవడానికీ, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికీ పనికి వస్తుంది. పైన నల్ల కడప రాయి పరిస్తే వేసవిలో కూర్చోలేము, ఎర్ర గచ్చో, లేతరంగు రాయో వేయించాలి.

వాకిలి గచ్చు గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వానాకాలంలో పాచి పట్టి జారిపోతారని మొత్తం గరుకుగా చేయిస్తే ముగ్గు నిలవదు. ముగ్గు కోసం మొత్తం నునుపు చేయిస్తే శ్రావణంలో పెద్దవాళ్లు పడతారు. గడప ముందు నాలుగడుగుల చదరం మాత్రం నున్నటి ఎర్ర గచ్చుగా, చూరు కిందికి వచ్చేటట్టుగా వదిలి, మిగిలినదంతా గరుకు రాయి వేస్తే రెండూ కుదురుతాయి. సంక్రాంతి ముగ్గుకే కాక, ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లను చూసి మార్గశిర గురువారాల్లో బియ్యపు పిండి నీళ్లతో ఝోటి వేసే అలవాటైన ఇళ్లకు ఆ చదరం బాగా పనికొస్తుంది. తులసి కోటకు కనీసం సగం పూట ఎండ తగలాలి, కోట అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి. వానల్లో తులసి చచ్చిపోవడానికి నిలిచిన నీరే ముఖ్య కారణం.

ఉయ్యాలకు స్థలం ముందే కేటాయించుకోవాలి. జూన్‌లో రజ పండక్కి, అక్టోబరులో అట్లతద్దికి, రెండు భాషల పిల్లలూ దాని మీదనే ఊగుతారు. చెట్టు కొమ్మకు కడితే కొమ్మ లావు ఎనిమిది అంగుళాలకు తగ్గకూడదు. ముందూ వెనకా ఏడేసి అడుగులు ఏ గోడా, రాయీ లేకుండా ఖాళీగా ఉండాలి, కింద ఇసుక పోయాలి. ఉసిరి నాటినవారు దాని మొదలు చుట్టూ గచ్చు చేయించకుండా, ఆరేడడుగుల వరకు మట్టి వదిలి, ఆ అవతల రాళ్లు పరిచి పెట్టుకుంటే కార్తిక మాసంలో పదిమంది భోజనానికి కూర్చునే చోటు పెరట్లోనే ఏర్పడుతుంది.

తీరానికి ఒక తీరు, కొండకు ఒక తీరు

సముద్రానికి దగ్గర ఇసుక నేలల్లో గంజాం జిల్లాకు పేరు తెచ్చిన మొగలినే కంచెగా వాడుకోవచ్చు. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఛత్రపురం, చికిటి వైపు పొలం గట్ల మీద అది కంచెగానూ పంటగానూ పెరుగుతుంది. మొదలు చుట్టూ వచ్చే పిలకలను తీసి, వానలు మొదలవగానే నాలుగైదు అడుగుల ఎడంలో నాటితే అవి కలిసిపోయి ఇసుకను పట్టి ఉంచుతాయి, పశువులను రానివ్వవు. సువాసన మగ మొక్కల పూలకే ఉంటుంది కాబట్టి పిలకలు తెచ్చుకునేటప్పుడు ఏ మొక్కవో అడిగి తెచ్చుకోవాలి. ఆకుల అంచుకు ముళ్లుంటాయి, దారికి ఆనుకుని మాత్రం పెట్టకూడదు. ఉప్పుగాలికి తట్టుకునేవాటిలో పొన్న, బాదం, దేవగన్నేరు, కాగితంపూలు ఉన్నాయి. గన్నేరూ తట్టుకుంటుంది గానీ అది విషం. చిన్న పిల్లలో, పశువులో ఉన్న ఇంట వద్దు. తుఫాను వెలిసిన వెంటనే ఆకుల మీది ఉప్పును మంచి నీటితో కడిగితే సగం మొక్కలు బతుకుతాయి.

పర్లాకిమిడి దాటి కొండవైపు, రాయగడ, కొరాపుట్ పొడుగునా ఇళ్లు వాలు మీద ఉంటాయి. అక్కడ జాగాను ఒకేసారి చదును చేయించి ఎత్తైన సిమెంటు గోడ కట్టించడం ఖర్చుతో కూడిన పొరపాటు, గోడ వెనక నిలిచిన నీరు ఏదో ఒక శ్రావణంలో దాన్ని తోసేస్తుంది. గజపతి కొండల్లో సవరలు రాతి గట్లు పేర్చి, మెట్లు మెట్లుగా వరి పండించే పద్ధతే పెరటికీ సరైనది. మూడడుగులకు మించని గట్లను సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, అడుగు వెడల్పు ఎత్తులో సగమైనా ఉంచి, గట్టు ముఖాన్ని కొద్దిగా కొండవైపు వాల్చాలి. వెనక కంకర పోస్తే నీరు రాళ్ల సందుల్లోంచి తనంతట తాను కారిపోతుంది. ఒక్కో మెట్టును ఒక్కో పనికి ఇవ్వవచ్చు: ఇంటి పక్క మెట్టు కూర్చోవడానికి, దాని కింది మెట్టు కూరలకు, అట్టడుగున పనస, మామిడి. మెట్లు ఎక్కే దారిలో ఒక్కో మెట్టు ఎత్తు ఆరంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు పన్నెండంగుళాలు ఉంటే బిందెతో దిగేవారికీ ఇబ్బంది ఉండదు.

పచ్చిక తివాచీ గురించి చాలామంది అడుగుతారు. వేసవిలో 500 చదరపు అడుగుల పచ్చికకు రోజుకు సుమారు 230 లీటర్ల నీరు కావాలి. కుళాయి వంతులవారీగా వచ్చే ఊళ్లలో ఆ నీటిని మల్లెకూ, కరివేపాకుకూ పెట్టడం తెలివైన పని. పచ్చదనం కావాలంటే రాళ్ల సందుల్లో గరిక వదిలితే చాలు.

తామర తొట్టి పెట్టుకునేవారు అందులో గప్పీ చేపలు వదలాలి, కుండీల కింద పళ్లేలను వారానికొకసారి బోర్లించాలి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కూర్చునే చోట తెల్లటి పెద్ద లైటు పురుగులను పిలుస్తుంది, పసుపు వెలుతురున్న చిన్న దీపాలను మోకాలి ఎత్తున పెట్టించాలి. గుమ్మం దగ్గర దట్టమైన పొదలు పెట్టకుండా రెండడుగుల మేర కంకర పరిస్తే పాము వచ్చినా కనబడుతుంది.

పనులను కాలానుసారం విడదీసుకోవడం మంచిది. కాలువలు, ఇంకుడు గుంత, రాతి పని ఫిబ్రవరి నుంచి మే లోపల ముగించాలి. మామిడి, పనస వంటివాటికి మూడడుగుల గోతులు ఏప్రిల్‌లోనే తవ్వి ఎండకు వదిలి, పైమట్టి, పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపి, మృగశిర వానలు పడ్డాక నాటాలి. మొదటి అక్టోబరుకు ముందు ప్రతి మొక్కకూ రెండు వైపులా ఊతకర్రలు పాతి, వదులుగా గోనె తాడుతో కట్టాలి. పందిళ్లు, దీపాలు, కుర్చీలు వంటివాటి మీద ఖర్చు దీపావళి దాటాకే పెట్టడం మేలు, అప్పటికి ఒక వానాకాలం గడిచి నీరు ఎక్కడ నిలుస్తున్నదీ తేలిపోతుంది గనుక కుర్చీలు ఎక్కడ వేయకూడదో కూడా తెలుస్తుంది.