క్రిస్మస్ రోజుల్లో బైబిల్ వైరుధ్యాల మీద వాదనకు కూర్చునే ముందు

డిసెంబరు వచ్చిందంటే విశాఖ పాత ఊరి వీధుల్లో నక్షత్రాలు వేలాడతాయి. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ రౌండ్లు, ఇంటింటికీ కేకులు. వాటితోపాటు ఏటా తప్పకుండా వచ్చేది ఇంకొకటి ఉంది. మద్దిలపాలెం హాస్టల్లో రూమ్మేటు, గాజువాకలో షిఫ్టు దిగి టీ తాగుతున్న తోటి ఉద్యోగి, పండక్కి వచ్చిన బావగారు, ఎవరో ఒకరు అడుగుతారు: "మీ బైబిల్లో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందట కదా?" అడగడంలో తప్పేమీ లేదు. ఆ తర్వాత అరగంటలో జరిగేదే భయం. పదేళ్ల స్నేహాలు ఆ అరగంటలో తెగిపోవడం నేను చూశాను.

సండే స్కూల్లో చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. బైబిలంటే నాకు ప్రాణం. ఈ జాగ్రత్తలు నాలాంటి విశ్వాసులకే కాదు, ప్రశ్న అడిగేవాళ్లకు కూడా రాస్తున్నాను.

ముందు నా తప్పు చెబుతాను. ఒక ఏడాది క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, ఇంటర్ చదివే కుర్రాడు క్లాసులో లేచి అడిగాడు. మత్తయి సువార్తలో మరియమ్మ భర్త యోసేపు తండ్రి యాకోబు అని ఉంది, లూకా సువార్తలో హేలీ అని ఉంది, ఏది నిజమని. నేను ఆలోచించకుండా "లూకా రాసింది మరియమ్మ వంశావళి, అంతే" అనేశాను. ఎప్పుడో ప్రసంగంలో విన్న మాట అది. వాడు లూకా 3వ అధ్యాయం తీసి, వేలు పెట్టి చదివి, "మాస్టారూ, ఇక్కడ మరియమ్మ పేరు ఎక్కడుందండీ?" అన్నాడు. లేదు. "యోసేపు హేలీకి" అనే ఉంది. నేను గొంతు పెంచి, విశ్వాసం గురించి ఏదో చెప్పి వాణ్ని కూర్చోబెట్టాను. వాడు మళ్లీ ప్రశ్న అడగలేదు. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. ఆ రెండు వంశావళుల వల్ల వాడు దూరమవలేదు, నా జవాబు వల్ల అయ్యాడు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకే, మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మాత్రం గుర్తుంచుకోమని బతిమాలుతున్నాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకండి. ఊహను ఊహ అనే చెప్పండి.

ఆ రోజు నేను ఏం చెప్పి ఉండాల్సిందో ఇప్పుడు తెలుసు. మత్తయి దావీదు నుంచి సొలొమోను మీదుగా వస్తాడు, లూకా దావీదు ఇంకో కొడుకు నాతాను మీదుగా వెళ్తాడు. మధ్యలో షయల్తీయేలు, జెరుబ్బాబెలు అనే పేర్ల దగ్గర రెండు జాబితాలూ కలిసి, మళ్లీ విడిపోతాయి. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ పండితుడు దీని గురించి ఉత్తరం రాశాడు. పిల్లలు లేకుండా చనిపోయినవాడి భార్యను అతని సోదరుడు చేసుకుని, పుట్టిన బిడ్డను చనిపోయినవాడి పేరున నిలబెట్టాలని ద్వితీయోపదేశకాండము 25లో ఉంది కదా, దాని ప్రకారం యోసేపుకు కన్నతండ్రి ఒకరు, చట్టప్రకారం తండ్రి ఇంకొకరు అని ఆయన వివరణ. మరియమ్మ వంశావళి అన్నది ఇంకో వివరణ. రెండూ వివరణలే. వాక్యంలో రాసి ఉన్న సంగతులు కావు. ఇంతమాత్రం చెప్పి, "నాకు నమ్మకం కలిగించే వివరణ ఇది, రుజువు మాత్రం లేదురా" అని ఉంటే ఆ కుర్రాడు కూర్చుని వినేవాడు.

మత్తయి జాబితాలో ఇంకో సంగతి ఉంది, ఎవరూ అడగకపోయినా మీరే తెలుసుకుని ఉండండి. 1వ అధ్యాయం 8వ వచనంలో యెహోరాము ఉజ్జియాను కనెను అని ఉంది. మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయంలో చూస్తే ఆ ఇద్దరి మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులు ఉన్నారు. మత్తయి తరాలను పద్నాలుగేసి చొప్పున మూడు వరసలుగా పేర్చాడు కాబట్టి కొన్ని పేర్లు వదిలేశాడు. ఆ కాలపు వంశావళుల్లో మునిమనవణ్ని కూడా కుమారుడు అనడం మామూలే. ఇది తెలియనివాళ్లు అవతలివాళ్లు చూపించగానే కంగారు పడతారు.

పుస్తకం దగ్గర పెట్టుకోండి

వాట్సాప్‌లో వచ్చిన జాబితా చూసి వాదించకండి. అడిగేవాళ్లకూ ఇదే చెబుతున్నాను. వంద ప్రశ్నల జాబితా చదివి వినిపిస్తే ఒక్కదానికీ జవాబు రాదు, అడిగినవాళ్లకు గెలిచిన తృప్తి మాత్రం మిగులుతుంది. ఒకసారి కూర్చుంటే ఒకే ప్రశ్న. దాని రెండు వైపుల అధ్యాయాలూ మొదటినుంచి చివరిదాకా చదవాలి. రెండు బైబిళ్లు ఉంటే ఒకదాంట్లో మత్తయి, ఇంకోదాంట్లో లూకా తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. ఫోన్లో అటూ ఇటూ జరుపుతుంటే సగం మాటలు కంటికి ఆనవు.

అనువాదం సంగతి కూడా మరిచిపోకూడదు. మన విశాఖవాళ్లకు ఇది మరీ దగ్గరి విషయం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ ఈ ఊరికే వచ్చారు. ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డి గ్రాంజ్ 1810లో చనిపోయారు. ఆ సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మన చేతిలోని తెలుగు వాక్యం వెనుక ఇలాంటి మనుషుల కష్టం ఉంది, ఏ మాట వాడాలో వాళ్లు చేసుకున్న నిర్ణయాలూ ఉన్నాయి. గొల్యాతును చంపింది దావీదని మొదటి సమూయేలు 17 చెబుతుంది. రెండవ సమూయేలు 21:19 హీబ్రూ మూలంలో ఎల్హానాను గొల్యాతును చంపినట్టు ఉంటుంది. మొదటి దినవృత్తాంతములు 20:5 మాత్రం అతను చంపింది గొల్యాతు సోదరుణ్ని అంటుంది. కొన్ని అనువాదాలు సమూయేలులో కూడా "సోదరుడు" అనే మాట చేర్చేశాయి. మీ బైబిల్లో సమస్యే కనబడదు, అవతలివాళ్ల బైబిల్లో కనబడుతుంది. అప్పుడు ఒకరినొకరు అబద్ధాలకోరులని అనుకుంటారు. వాదనకు ముందు ఇద్దరి దగ్గరా ఉన్నది ఏ అనువాదమో అడగండి.

దేన్ని వైరుధ్యం అంటున్నారు?

దీన్ని ముందే తేల్చుకోకపోతే రాత్రంతా కూర్చున్నా తెగదు. ఒక మాట నిజమైతే రెండోది నిజమయ్యే వీలే లేకపోవడం వైరుధ్యం. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకపోవడం వైరుధ్యం కాదు. యేసు ఖాళీ సమాధి దగ్గర మత్తయి ఒక దేవదూతను చూపిస్తాడు, లూకా ఇద్దరు మనుష్యులను. "ఒక్కడే ఉన్నాడు" అని మత్తయి అనలేదు. యోహాను 20లో మగ్దలేనే మరియ పేరొక్కటే ఉంటుంది. రెండో వచనంలో ఆమె నోటివెంట వచ్చేది "యెరుగము" అని, బహువచనంలో. అంటే పక్కన ఇంకెవరో ఉన్నట్టే.

సరే. కానీ ఈ సర్దుబాటును అన్నిటికీ అతికించకండి. మార్కు 6:8లో శిష్యులు చేతికర్ర తప్ప ఇంకేమీ తీసుకోకూడదని ఉంటుంది. మత్తయి 10:10, లూకా 9:3 చేతికర్ర కూడా వద్దంటాయి. ఇక్కడ "చెప్పకుండా వదిలేశాడు" అనడానికి లేదు. మన డాల్ఫిన్స్ నోస్ కొండ ఆర్కే బీచ్ నుంచి ఒకలా, హార్బరు వైపు నుంచి ఇంకోలా కనబడుతుంది, నాలుగు సువార్తలూ అంతే అని మా ప్రసంగాల్లో వింటుంటాం. నాకూ ఆ పోలిక ఇష్టమే. కానీ అది చూసే కోణానికి పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు.

లెక్కకు ఒక ఉదాహరణ చూడండి. అహజ్యా రాజయ్యేనాటికి 22 ఏళ్లని రెండవ రాజులు 8:26 అంటుంది. రెండవ దినవృత్తాంతములు 22:2 హీబ్రూ ప్రతిలో 42. అతని తండ్రి 32వ ఏట రాజై 8 ఏళ్లు ఏలి చనిపోయాడని దానికి ముందు అధ్యాయంలోనే ఉంది. అంటే 40 ఏళ్లకు తండ్రి పోతే, కొడుక్కి అప్పటికే 42. ఇది చేత్తో నకలు రాసేటప్పుడు దొర్లిన పొరపాటని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కొన్ని కొత్త ఇంగ్లీషు అనువాదాలు 22 అని ముద్రించి అడుగున గమనిక ఇస్తాయి. ఇలాంటిచోట "అవును, తప్పు దొర్లింది" అని ఒప్పుకోవడానికి ఎందుకు భయం? 1978లో చికాగోలో బైబిలు లోపరహితమని ప్రకటన చేసినవాళ్లు కూడా ఆ మాట మూలప్రతులకే వర్తిస్తుందన్నారు, నకళ్లకు కాదు. 1965లో కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ, మన రక్షణ కోసం దేవుడు తెలియజేయదలచిన సత్యాన్ని లేఖనాలు తప్పు లేకుండా బోధిస్తాయని చెప్పింది. ఆర్సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు ఒక అర్థంలో, బాప్టిస్టులు ఇంకో అర్థంలో "తప్పు లేదు" అంటుంటారు. మీరు ఏ అర్థంలో అంటున్నారో మీకైనా తెలిసి ఉండాలి.

సామెతలు 26వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది. మూర్ఖుడికి వాడి మూఢత్వం చొప్పున జవాబివ్వొద్దని 4వ వచనం, ఇవ్వమని 5వ వచనం. పక్కపక్కనే. రాసినవాళ్లకు, భద్రపరిచినవాళ్లకు అది కనబడలేదా? యెహెజ్కేలు గ్రంథం మోషే ధర్మశాస్త్రంతో పొసగడం లేదని యూదు రబ్బీలే తర్జనభర్జన పడ్డారు. హనన్యా బెన్ హిజ్కియా అనే ఆయన 300 జాడీల దీపపు నూనె తెప్పించుకుని, మేడగదిలో కూర్చుని రెంటికీ పొంతన కుదిర్చాడని యూదుల గ్రంథం తల్మూదులో ఉంది. మనం ఒక ఫార్వర్డ్ మెసేజీకి మూడు నిమిషాల్లో జవాబు పెట్టేస్తున్నాం.

డిసెంబరులో తప్పక వచ్చే ప్రశ్న

నాటకాల్లో గొర్రెల కాపరులనూ జ్ఞానులనూ ఒకే పాకలో నిలబెడతాం. మత్తయి 2:11లో జ్ఞానులు వచ్చింది "ఇంటిలోనికి". కాపరుల కథ లూకాలోనే, జ్ఞానుల కథ మత్తయిలోనే ఉంది. పిల్లలకు ఇది ముందే చెబితే తర్వాత ఎవరో చెప్పినప్పుడు దిగులు పడరు.

అసలు బరువైనది కురేనియు అనే రోమా అధిపతి కాలపు ప్రజాసంఖ్య, అంటే జనాభా లెక్క. యేసు పుట్టింది హేరోదు రోజుల్లో అని మత్తయి. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. కురేనియు సిరియాకు అధిపతిగా ఉన్నప్పటి ప్రజాసంఖ్య సమయంలో అని లూకా 2:2. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసినదాని ప్రకారం ఆ లెక్కింపు క్రీ.శ. 6లో జరిగింది. మధ్యలో దాదాపు పదేళ్లు. గ్రీకు వాక్యాన్ని "కురేనియు కాలానికి ముందటిది" అని చదవొచ్చని కొందరు, అతను అంతకుముందు కూడా అక్కడ అధికారంలో ఉన్నాడని కొందరు అన్నారు. లూకా తేదీలో పొరబడ్డాడని చాలామంది పండితులు అంటారు. నాకు ఇందులో ఏ జవాబూ పూర్తిగా తృప్తినివ్వలేదు. నా విశ్వాసం అలాగే ఉంది, ప్రశ్న కూడా అలాగే ఉంది. మిమ్మల్ని అడిగితే ఇంతే నిజాయితీగా చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఎక్కడ, ఎవరితో

పదిమందిలో వద్దు. భోజనాల దగ్గర వద్దు. ఆసుపత్రిలో, చావింట్లో నోరెత్తకండి. ఇద్దరే అయితే సాయంత్రం బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని మాట్లాడుకోండి. పక్కన చూసేవాళ్లు లేకపోతే "ఇది నాకు తెలియదు" అనడం సులువు.

వీడియోలు తీయకండి, తీయనివ్వకండి. కోపంలో అన్న ఒక్క ముక్క కత్తిరించి పెడితే ఊరంతా తిరుగుతుంది. కావాలని, దురుద్దేశంతో ఒకరి మతాన్ని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ప్రశ్న అడగడం నేరం కాదు. కానీ గొడవ పెరిగాక కేసు దాకా వెళ్లకుండా ఆపడం మన చేతుల్లో ఉండదు.

అడిగినవాళ్లు హిందువులో ముస్లిములో అయితే "మీ గ్రంథాల్లో లేవా?" అని మాత్రం అనకండి. అది జవాబు కాదు, దెబ్బకు దెబ్బ. హార్బరు మీదికి చూసే ఆ మూడు కొండల మీద వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా, రాస్ హిల్ చర్చి ఉన్నాయి. ఆ మెట్లు ఎక్కి దిగేవాళ్లు రేపు పొద్దున్న ఒకే బజారులో చేపలు బేరమాడుకోవాలి. పేతురు మొదటి పత్రికలో (3:15) జవాబు చెప్పమన్న వచనమే "సాత్వికముతోను భయముతోను" చెప్పమంది. మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తే ఎలా?

పాస్టరుగార్లకు, పెద్దలకు ఒక విన్నపం. పిల్లవాడు సందేహం అడిగితే వాళ్ల అమ్మానాన్నలకు ఫిర్యాదు చేయకండి. వాడు అడిగింది మిమ్మల్ని నమ్మి.

గొంతు పెరిగిందని ఇద్దరిలో ఎవరికి అనిపించినా ఆపేయడానికి ముందే ఒప్పందం చేసుకోండి. మిగిలిన ప్రశ్నను కాగితం మీద రాసుకోండి, వచనాల సంఖ్యలతో సహా. మర్నాడు పొద్దున్న మీరే ఫోన్ చేయండి. "నిన్న నేనన్న ఆ మాట తప్పు, చూసుకున్నాను" అని చెప్పాల్సి వస్తే అది ముందు చెప్పండి. ఆ తర్వాత కేకు తీసుకుని వాళ్లింటికి వెళ్లండి, ఆ కాగితం కూడా జేబులో పెట్టుకుని.